సెన్సార్ సర్టిఫికెట్‌లోని రెండో భాగం

చెన్నై పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సినిమా సెన్సార్ మీద అడిగినవే ఎక్కువ. పిల్లల్ని తీసుకుని సినిమాకి వెళ్ళేవాళ్ళూ రాశారు, సాలిగ్రామం వడపళని వైపు ఎడిటింగ్ గదుల్లో పనిచేసేవాళ్ళూ రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం. 'సెన్సార్ బోర్డు' అన్న పేరు 1983లోనే పోయింది. ఇప్పుడు చట్టంలో ఉన్నది కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ బోర్డు. జనం నోట మాత్రం సెన్సారే కాబట్టి మేమూ ఆ మాటే వాడుతున్నాం.

ప్రశ్న: యు/ఎ 16+ అని ఉన్న సినిమాకి పన్నెండేళ్ళ మా అబ్బాయితో వెళ్తే గేటు దగ్గర ఆపేశారు. అలా ఆపే హక్కు వాళ్ళకుందా? (ఒక తల్లి, పెరంబూరు)

లేదండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించినప్పుడు పాత యు/ఎ స్థానంలో మూడు వచ్చాయి: యు/ఎ 7+, 13+, 16+. ఆ అంకె తల్లిదండ్రుల కోసం. ఈ సినిమా మా పిల్లకి చూపించాలా వద్దా అని ఇంట్లో ఆలోచించుకోవడానికి. తల్లిదండ్రులు, సంరక్షకులు తప్ప ఇంకెవరూ దాన్ని అమలు చెయ్యడానికి వీల్లేదని చట్టంలోనే రాశారు. గేటు దగ్గరున్న మనిషికి ఆ సంగతి తెలిసి ఉండదు. మేనేజరుని పిలిపించి నెమ్మదిగా చెప్పండి.

'ఎ' సంగతి అలా కాదు. అది నిషేధం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని లోపలికి పంపితే నేరం థియేటరు మీద పడుతుంది. అమ్మానాన్నలు పక్కనే ఉన్నా, చంకలో ఉన్నది నెలల బిడ్డయినా అంతే. 'వాడికేం తెలుస్తుంది, నిద్రపోతాడు' అని అక్కడ వాదించి లాభం లేదు.

ఇంకో మాట. ట్రైలర్ చూసి పిల్లల్ని తీసుకెళ్ళాలని నిర్ణయించుకోకండి. థియేటర్లో వేసే ట్రైలర్‌కి విడిగా సర్టిఫికెట్ ఉంటుంది. అది యు అయినంత మాత్రాన సినిమా యు అయిపోదు.

ప్రశ్న: మేం ఐదుగురు స్నేహితులం. 24 నిమిషాల చిన్న సినిమా ఒకటి తీశాం. రెండు గంటల సినిమా ఒకటి షూటింగ్ చివరికొచ్చింది. తెలుగులో తీసి తమిళంలోకి డబ్ చేస్తాం. సెన్సార్‌కి ఎప్పుడు వెళ్ళాలి, ఏమేం పట్టుకెళ్ళాలి? (సాలిగ్రామం)

చిన్న సినిమా యూట్యూబులో పెట్టి ఊరుకుంటే సెన్సార్ అక్కర్లేదు. థియేటర్లో జనానికి వేస్తే కావాలి, టికెట్టు పెట్టకపోయినా సరే. ఫిల్మ్ ఫెస్టివల్స్‌లో వేసే సినిమాలకి కేంద్ర ప్రభుత్వం నుంచి మినహాయింపు తెచ్చుకునే వీలుంది. ఆ పని నిర్వాహకులే చూసుకుంటారు.

ఇక పెద్ద సినిమా. దరఖాస్తు పెట్టడానికి ఆఫీసు చుట్టూ తిరగనవసరం లేదు. ఇ-సినీప్రమాణ్ అనే పోర్టల్లో హక్కుదారు పేరు మీద ఖాతా తెరిచి అన్నీ అక్కడే ఎక్కించాలి. ఫీజు సినిమా నిడివిని బట్టి ఉంటుంది. చెన్నై ప్రాంతీయ కార్యాలయం నుంగంబాకం హ్యాడోస్ రోడ్డులో శాస్త్రి భవన్‌లో ఉంది. ఇలాంటివి దేశంలో తొమ్మిది. తెలుగువాళ్ళకి పని పడేవి చెన్నై, హైదరాబాద్, బెంగళూరు. మీ తెలుగు కాపీ, తమిళ కాపీ బోర్డు లెక్కలో రెండు వేర్వేరు సినిమాలు. రెండు దరఖాస్తులు, రెండు ఫీజులు, రెండు సర్టిఫికెట్లు. తెలుగుకి వచ్చింది కదా అని తమిళం వెయ్యడానికి లేదు.

వెళ్ళాల్సింది మిక్సింగ్ (శబ్దాలన్నీ కలపడం), డీఐ (రంగులు సరిచెయ్యడం), టైటిల్స్, సబ్‌టైటిల్స్ అన్నీ పూర్తయ్యాకే. 'మ్యూజిక్ ఇంకా పడలేదు, ముందు చూసెయ్యండి సార్' అంటే కుదరదు. బోర్డు ఇచ్చే కాగితం మీ కథకో, మీ బ్యానర్‌కో కాదు. ఆ రోజు తెర మీద పడిన ఆ కాపీకి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా నిబంధనలన్నీ ఎందుకున్నాయో వాటంతటవే తెలుస్తాయి.

ఎక్కువమంది తడబడేది సెన్సార్ స్క్రిప్ట్ దగ్గర. అది షూటింగ్‌కి పట్టుకెళ్ళిన స్క్రిప్ట్ కాదు. ఎడిటింగ్, డబ్బింగ్ అన్నీ అయ్యాక తెర మీద ఏం కనబడుతుందో, స్పీకర్లో ఏం వినబడుతుందో దాన్ని మొదటి నుంచి చివరిదాకా రాసిన కాగితం. డబ్బింగ్‌లో ఆర్టిస్టు సొంతంగా కలిపిన మాట, గుంపులో వెనకనుంచి ఎవరో తిట్టిన తిట్టు, హోటల్ సీన్లో రేడియోలో వచ్చే పాట, గోడ మీద రాసిన నినాదం, అన్నీ అందులో ఉండాలి. మధ్యలో తమిళమో హిందీయో మాట్లాడితే దాని అర్థం కూడా రాయాలి. పాటల సాహిత్యం పూర్తిగా ఇవ్వాలి. కాగితంలో లేని మాట తెర మీద వినబడితే పని ఆగుతుంది. అంతకంటే ముఖ్యంగా మీరిచ్చిన కాగితం మీద నమ్మకం తగ్గుతుంది. ఎడిటింగ్ అసిస్టెంట్ ఒకరు, బయటి మనిషి ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక రోజంతా సరిచూడండి. సినిమాలో పనిచేసినవాళ్ళకి ఆ మాటలు చెవులకి అలవాటై తప్పు దొరకదు.

తర్వాత జంతువులు. ఆవు, కుక్క, కోడి, గుర్రం ఏది కథలో పనిచేసినా జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే ఉండాలి. చిత్రీకరణ తేదీకి కనీసం నాలుగు వారాల ముందు వాళ్ళకి తెలియజెయ్యాలి. షూటింగ్ అయ్యాక నిరభ్యంతర పత్రం విడిగా తెచ్చుకోవాలి. కోతి, ఎలుగుబంటి, పులి, చిరుత, సింహం, ఆబోతు వీటితో నటింపజెయ్యడానికి అసలే వీల్లేదు. గ్రాఫిక్స్‌లో చేసిన జంతువైనా 'అది గ్రాఫిక్సే' అని రాసివ్వాలి, అసలు షాటు, పూర్తయిన షాటు రెండూ చూపించగలగాలి. జంతు సంక్షేమ బోర్డు ఒకప్పుడు మన తిరువాన్మియూరులోనే ఉండేది. 2018లో హర్యానాకి తరలిపోయింది. కాబట్టి 'లోకల్‌గా చూసుకుందాంలే' అని ఆఖరికి వాయిదా వెయ్యకండి. సినిమా అంతా తయారై, పెంపుడు కుక్క ఉన్న నాలుగు షాట్ల కోసం ఆగిపోవడం నిజంగా బాధ కలిగించే సంగతి.

సిగరెట్టు సీన్లుంటే పొగాకు నియమాలు వేరే ఉన్నాయి. సినిమా మొదట్లో, విరామం తర్వాత కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక దృశ్యం, సిగరెట్టు తెర మీద ఉన్నంతసేపూ అడుగున తెల్లటి పట్టీ మీద నల్లటి అక్షరాల్లో హెచ్చరిక. ఆ అక్షరాలు సినిమా ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. మీలాగా డబ్ చేసేవాళ్ళకి ఇక్కడే దెబ్బ తగులుతుంది. తమిళ కాపీలో తెలుగు హెచ్చరిక అలాగే మిగిలిపోతుంది. ప్రతి భాషకీ ఆ ఫైలు విడిగా చేయించండి. పడగ్గదిలో టేబుల్ మీద పెట్టిన సిగరెట్టు పెట్టె కూడా లెక్కలోకి వస్తుందని మరిచిపోకండి.

చూసే రోజు ప్రివ్యూ థియేటర్ ఖర్చు మీదే. పెద్ద సినిమాకి సాధారణంగా సలహా సంఘం సభ్యులు నలుగురు, ఒక పరిశీలనాధికారి కలిసి చూస్తారు. మహిళలు తప్పకుండా ఉంటారు. 2024 సినిమా ధ్రువీకరణ నియమాల ప్రకారం బోర్డు సభ్యుల్లోనే మూడో వంతుకి తగ్గకుండా మహిళలుండాలి. వీలైతే సగం. కమిటీ చూస్తున్నంతసేపూ మీరు లోపల ఉండకూడదు. అయ్యాక పిలుస్తారు. ఆ పిలుపుకి నిర్మాత ఒక్కరే వెళ్ళకండి. ఏ షాటు ఎందుకు పెట్టారో చెప్పగలిగిన దర్శకుడో ఎడిటరో వెంట ఉండాలి.

ఆఖరి మాట తేదీ గురించి. పోస్టర్ మీద రిలీజ్ తేదీ వేసి, థియేటర్లు మాట్లాడుకుని, అప్పుడు సెన్సార్‌కి పరిగెత్తేవాళ్ళు చాలామంది. ఎక్కువ రుసుము కట్టి ముందుగా చూపించుకునే వీలు 2024 నియమాల్లో ఉంది, నిజమే. కానీ కమిటీ చెప్పిన మాటకి మీరు ఒప్పుకోకపోతే పై కమిటీకి వెళ్ళడానికి రోజులు చేతిలో ఉండాలి. తేదీ మెడ మీద కూర్చున్నవాడు ఏ కట్‌కైనా సరే అంటాడు. తర్వాతి ప్రశ్న సరిగ్గా దాని గురించే.

ప్రశ్న: కమిటీ పదకొండు కట్స్ చెప్పింది. ఒప్పుకుంటే యు/ఎ 16+, లేకపోతే ఎ. మా నిర్మాత అక్కడికక్కడే అన్నిటికీ తలూపేశారు. వేరే దారి నిజంగా లేదా? కట్స్ చేసేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి? (ఒక ఎడిటింగ్ అసిస్టెంట్, వడపళని)

దారి ఉంది. దాని గురించి తెలియకే చాలామంది మంచి సీన్లు పోగొట్టుకుంటున్నారు.

బోర్డుకి ఉన్న అధికారం హద్దుల్లేనిది కాదు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టంలో 5-బి సెక్షన్ ఉంది. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, మర్యాద, నీతి, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి పురికొల్పడం, వీటిలో ఏదో ఒకదానికి విరుద్ధమైతేనే సర్టిఫికెట్ నిరాకరించవచ్చు. దాని కింద 1991 డిసెంబరు 6న ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. అందులో చాలామంది చదవని మాట ఒకటుంది: సినిమాని మొత్తంగా, అది కలిగించే ప్రభావాన్ని బట్టి చూడాలి, కథాకాలాన్నీ సందర్భాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక తిట్టుని విడిగా తీసి చూస్తే తిట్టే. ఆ మనిషి ఆ తిట్టుకి శిక్ష పొందే కథలో అది వేరు.

కాబట్టి పదకొండు కట్స్‌నీ ఒకే మూటగా చూడకండి. ప్రతిదానికీ కారణం రాతపూర్వకంగా అడగండి. ఏ మార్గదర్శకం కింద అడిగారో ఉండాలి. తర్వాత విడగొట్టుకోండి. కథకి ఏమీ నష్టం లేనివి ఒప్పుకోండి. మాట తీసేసి ఇంకో మాట పెడితే సరిపోయేవి ఉంటాయి, ఆ మాట మీరే సూచించండి. ఇది పోతే సినిమా అర్థమే మారిపోతుంది అన్నవి రెండో మూడో మిగులుతాయి. వాటి కోసమే నిలబడాలి. అన్నిటికీ తలూపడమూ తప్పే, అన్నిటికీ పోట్లాడటమూ తప్పే.

నిలబడాలంటే తర్వాతి మెట్టు రివైజింగ్ కమిటీ. ఛైర్మన్ గానీ ఒక బోర్డు సభ్యుడు గానీ అధ్యక్షత వహిస్తారు, తొమ్మిదిమంది దాకా సభ్యులుంటారు. మొదటి కమిటీలో చూసినవాళ్ళు ఇందులో ఉండరు. మొదట చూపించిన కాపీనే వాళ్ళకీ చూపించాలి. మధ్యలో మీరే రెండు షాట్లు తీసేసి చూపిస్తే వాదన బలహీనపడుతుంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే ఒకప్పుడు అప్పీలు ట్రిబ్యునల్ ఉండేది. 2021 ఏప్రిల్లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టే, గడువు 30 రోజులు. చిన్న నిర్మాతకి లాయరు ఖర్చు, వాయిదాలు భరించడం కష్టం. ట్రిబ్యునల్ పోవడం వల్ల నష్టపోయింది పెద్ద బ్యానర్లు కాదు, మీలాంటివాళ్ళే అన్నది మా అభిప్రాయం.

అయినా న్యాయస్థానాల్లో ఈ విషయంలో దక్షిణాది పేర్లే గట్టిగా వినిపిస్తాయి. రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమాకి బోర్డు యు ఇస్తే మద్రాసు హైకోర్టు దాన్ని రద్దు చేసింది. 1989లో ఎస్. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్‌ని నిలబెట్టింది. గొడవ జరుగుతుందేమో అన్న దూరపు భయం చాలదు, మందుగుండులో నిప్పురవ్వ పడ్డంత దగ్గరి సంబంధం ఉండాలి అని ఆ తీర్పు సారాంశం. బెంగళూరు నుంచి కె.ఎం. శంకరప్ప వేసిన కేసు ఇంకొకటి. బోర్డు సర్టిఫికెట్ ఇచ్చాక కేంద్ర ప్రభుత్వం దాన్ని తిరగదోడే అధికారాన్ని కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, 2000లో సుప్రీంకోర్టు అదే సమర్థించింది. మీ లాయరుకి ఈ రెండు పేర్లూ చెప్పండి.

'ఎ తీసుకుంటే కట్స్ ఉండవు కదా' అని కొందరంటారు. ఎ అయినా 5-బి వర్తిస్తుంది, కట్స్ రావచ్చు. పైగా ఎ సినిమా టీవీలో వెయ్యాలంటే మళ్ళీ ఎడిట్ చేసి తగిన సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. శాటిలైట్ హక్కుల బేరం మీద ఆ దెబ్బ పడుతుంది.

ఇక మీ టేబుల్ మీద పని. వీలైనంతవరకు తీసెయ్యడం కంటే అంతే నిడివి షాటు బదులు పెట్టండి. మూడు సెకన్లు తీసేస్తే, సెకనుకి 24 లెక్కన 72 ఫ్రేములు పోతాయి. అక్కణ్ణుంచి ఆ రీలు చివరిదాకా 5.1 సౌండ్ (థియేటర్లో చుట్టూ వినబడే శబ్దం), సబ్‌టైటిల్ ఫైలు, పొగాకు హెచ్చరిక అన్నీ 72 ఫ్రేములు ముందుకి జరగాలి. ఒకటి జరగకపోయినా పెదవికీ మాటకీ పొంతన పోతుంది. నేపథ్య సంగీతం మధ్యలో తెగితే చెవికి గుచ్చుకుంటుంది. రెండు పక్కలా చిన్న క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుంటే ఇంకొకటి పెరగడం) ఇచ్చి, ఆ ముక్క సౌండ్ ఇంజినీరుకి తిరిగి పంపండి. మాట మ్యూట్ చెయ్యమంటే మాటలుండే సెంటర్ ట్రాక్ ఒక్కటే కాదు, సరౌండ్‌లో ఆ మాట ప్రతిధ్వని మిగిలిందేమో వినండి. సబ్‌టైటిల్లో అదే మాట ఉండిపోవడం మరీ ఎక్కువగా జరిగే పొరపాటు.

చివరగా, సర్టిఫికెట్ చేతికొచ్చాక అందరూ మొదటి భాగం ఫొటో తీసి పెట్టుకుంటారు. రెండో భాగం చదవండి. ఏ చోట ఏం తీసేశారు, ఎంత నిడివి, బదులు ఏం పెట్టారు అన్నది అందులో ఉంటుంది. థియేటర్లకి పంపే డీసీపీ (తెర మీద ఆడించే డిజిటల్ కాపీ) దానితో ఫ్రేము తేడా లేకుండా సరిపోవాలి.

ప్రశ్న: రిలీజైన మూడో రోజున 'సాగదీత' అని పన్నెండు నిమిషాలు తగ్గించి కొత్త కాపీ పంపారు. వారం తర్వాత ఒక పాట కలిపారు. మళ్ళీ సెన్సార్ కావాలా? (థియేటర్ ఉద్యోగి, అంబత్తూరు)

కావాలి. కలిపినా తగ్గించినా బోర్డుకి తెలియజేసి, సర్టిఫికెట్ మీద రాయించుకున్నాకే వెయ్యాలి. తగ్గిస్తే ఏముందిలే అనుకుంటారు గానీ, ఒక పాత్ర చేసిన తప్పుకి పడిన శిక్షే ఆ పన్నెండు నిమిషాల్లో ఉంటే సినిమా చెప్పేదే మారిపోతుంది. సర్టిఫికెట్ తర్వాత మార్చిన సినిమా వేస్తే మూడేళ్ళ దాకా జైలు, జరిమానా పడవచ్చు, కొనసాగితే రోజుకింత అని అదనం. ఇది నిర్మాతకే కాదు, ప్రదర్శించినవాళ్ళకీ తగులుతుంది. కొత్త కాపీ వచ్చినప్పుడు మార్పు నమోదైన కాగితం కూడా పంపమని డిస్ట్రిబ్యూటర్ని అడగండి. అది మీ రక్షణ కోసం.

ప్రశ్న: సెన్సార్ అయిన సినిమాని రాష్ట్రం ఆపగలదా? (టి. నగర్)

సర్టిఫికెట్ ఇవ్వడం రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో 60వ అంశం. థియేటర్లు, వాటి లైసెన్సులు రాష్ట్ర జాబితాలో 33వ అంశం, అదీ 60కి లోబడి. కాబట్టి సినిమా మంచిచెడ్డలు రాష్ట్రం మళ్ళీ తూచడానికి లేదు. శాంతిభద్రతల కారణంగా తాత్కాలికంగా ఆపిన సందర్భాలున్నాయి. కానీ సర్టిఫికెట్ ఉన్న సినిమా ఆడుతుంటే గొడవ చేసేవాళ్ళని అదుపు చెయ్యాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2011లోనూ చెప్పింది.

ప్రశ్న: థియేటర్లో మ్యూట్ అయిన మాటలు ఓటీటీలో వినబడుతున్నాయి. ఎలా? (పోరూరు)

ఓటీటీ ఈ బోర్డు కిందకి రాదు. 2021 ఐటీ నియమాల కింద ఆ సంస్థలే వయసు గుర్తు వేసుకుంటాయి. అక్కడా యు, 7+, 13+, 16+, ఎ అనే ఉండటంతో రెండూ ఒకటే అనుకుంటారు. నిర్మాత కట్స్ లేని కాపీ ఇస్తే అదే వస్తుంది. థియేటర్లో 13+ చూసి పిల్లలకి ఫోనిచ్చే ముందు ఓటీటీలో వేసిన గుర్తు విడిగా చూసుకోండి.

ప్రశ్న: మా చెల్లికి వినబడదు. తెలుగు సినిమా అంటే ప్రాణం. థియేటర్లో తన కోసం ఏమైనా ఏర్పాటు ఉంటుందా? (ఒక అక్క, ఆవడి)

ఉండాలి, ఇప్పుడు అది నియమం. థియేటర్లలో చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం 2024 మార్చి 15న కేంద్రం ప్రమాణాలు ప్రకటించింది. ఒకటి కంటే ఎక్కువ భాషల్లో సర్టిఫై అయ్యే సినిమాలకి 2024 సెప్టెంబరు 15 నుంచి, మిగతా ఫీచర్ సినిమాలకి 2026 మార్చి 15 నుంచి గడువు పెట్టింది. వినబడనివాళ్ళ కోసం క్యాప్షన్లు గానీ సైగల భాష గానీ, చూపులేనివాళ్ళ కోసం దృశ్యాన్ని మాటల్లో చెప్పే సౌండ్ ట్రాక్, చెరొక సౌకర్యమైనా నిర్మాత ఇవ్వాలి. క్యాప్షన్ అంటే ఉత్త సబ్‌టైటిల్ కాదు. తలుపు కొట్టిన చప్పుడు, దూరంగా రైలు కూత, తెర మీద కనబడని మనిషి పిలుపు కూడా అందులో రాసి ఉంటాయి.

టికెట్టు కొనే ముందు థియేటరుకి ఫోన్ చేసి, ఈ సినిమాకి క్యాప్షన్ ఏ ఆటకి వేస్తున్నారు, తెర మీదే వస్తుందా లేక విడిగా పరికరమో ఫోన్లో యాప్‌తోనో చూడాలా అని అడగండి. తెలియదంటే మేనేజరుకి రాతపూర్వకంగా అడగండి. సాలిగ్రామం మిత్రులకి కూడా ఇదే చెబుతున్నాం: మీ సినిమా రెండు భాషల్లో వస్తోంది కాబట్టి క్యాప్షన్ ఫైలు సెన్సార్‌కి వెళ్ళే ముందే తయారు కావాలి. కట్స్ పడితే దాన్నీ అన్ని ఫ్రేములు జరపాలి.